ఈశాన్యానికి పారిన నీళ్లు

ఇల్లు కొనేవాళ్లు గోడలు తట్టి చూస్తారు, తలుపులు నిమురుతారు, ఈశాన్యం మూల ఎటుందని అడుగుతారు. నల్లా తిప్పి చూసే మనిషిని మాత్రం మా జగిత్యాలలో నేనెన్నడూ చూడలేదు. మా అక్క ఒక్కతే తిప్పింది.

అక్కది సిరిసిల్ల. బావ పోయాక ఒక మేడమీది గదిలో అద్దెకుండేది. నల్లా కింద, గది పైన. మోకాళ్లు అరిగిపోయినా బకెట్లు మోసుకుని మెట్లెక్కడం తప్పలేదు. కోరుట్లలో కూతురికి దగ్గరగా ఒక చిన్న ఇల్లు కొనుక్కోవాలని బావ మగ్గం అమ్మగా వచ్చిందీ, తను బీడీలు చుట్టి కూడబెట్టిందీ దాచుకుంది. ఆ ఇంటి గురించి ఆమె కోరిక ఒక్కటే.

"తిప్పితే రావాలె, పోస్తే పోవాలె. గంతే తమ్మీ."

తెలంగాణ కోసం అందరూ సమ్మె కట్టిన రోజులవి. మా బడికి తాళం పడింది. పంతులునైన నాకు టెంటు కింద కూర్చుని నినాదాలివ్వడం తప్ప వేరే పని లేదు. బస్సులు బందు కాబట్టి అక్కను బండెక్కించుకుని కోరుట్ల పోయాను.

ఇంటాయన దుబాయిలో సంపాదించుకొచ్చి ఇళ్లు కట్టి అమ్ముతుంటాడు. మెడలో కండువా, నోరు తెరిస్తే ఉద్యమం. ఆయన హాలు గొప్పలు చెబుతుండగానే అక్క నేరుగా వంటింట్లోకి పోయి నల్లా తిప్పింది. అది బుస్సుమని గాలి వదిలి ఊరుకుంది.

"కరెంటు లేదక్కా. బొగ్గుబాయిల సమ్మె గద, మోటరు నడుస్తలేదు," అన్నాడాయన. "తెలంగాణ కోసం గీమాత్రం ఓర్సుకోవద్దా సారూ?"

సమ్మెలో ఉన్నవాణ్ని, ఏమంటాను? తలూపాను.

మేడెక్కి ట్యాంకు చూశాం. దాని ఒంటినిండా పెద్ద పెద్ద అక్షరాలతో 'జై తెలంగాణ'. రంగు ఇంకా కొత్త వాసన కొడుతోంది. అక్క చేత్తో తడిమితే 'జై' కింద వేలు దూరేంత పగులు. లోపల చుక్క నీరు లేదు. కిందికొస్తే హాలు గోడకు తెలంగాణ పటం ఉన్న పోస్టరు, దాని అంచుల నుంచి రాలుతున్న సున్నం పొట్టు. ఉద్యమం పోస్టరు మీద చెయ్యి వేయడానికి నాకు భయమేసింది. అక్కకు అలాంటి భయాలు లేవు, ఎత్తి చూసింది. ఆదిలాబాద్ నుంచి పాలమూరు దాకా గోడంతా చెమ్మే! లోపలి పైపు ఎన్నాళ్లుగా కారుతోందో.

"గిదంత ఆంధ్ర మేస్త్రి పని సారూ. నిలువున ముంచిండు," అన్నాడు ఇంటాయన.

మేస్త్రి తన సొంత బామ్మర్దేనని, చెయ్యి తిరిగినోడని ఫోనులో చెప్పింది ఈయనే!

అక్క బాత్రూంలోని బకెట్టు తీసుకుని వీధిలో ఉన్న బోరింగు కొట్టి నింపుకొచ్చింది. బాత్రూం నేల మీద కుమ్మరించింది. మూలనున్న తూము వైపు ఒక్క చుక్కా పోలేదు. నీళ్లన్నీ గడప దాటి, హాలు దాటి, తిన్నగా దేవుని అర్రలోకి పోయాయి.

ఇంటాయన సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సూసిండ్రా! సిద్ధాంతి దగ్గరుండి వాటం పెట్టిచ్చిండు. ఇంట్ల పడ్డ నీళ్లు ఈశాన్యానికే పోవాలె. లచ్చిమి నిలుస్తది."

వీధి మోరీ పడమర ఉంది కాబట్టి తూము పడమర పెట్టారు. వాస్తు ఈశాన్యం అంది కాబట్టి నేలను ఈశాన్యానికి వంచారు. ఈ రెండూ ఒకే బాత్రూంలో ఉన్నాయన్న సంగతి సిద్ధాంతికీ పట్టలేదు, బామ్మర్దికీ పట్టలేదు.

"తానం జేసిన నీళ్లతోని దేవుని కాళ్లు కడుగుతవా అన్నా?" అంది అక్క.

"తెలంగాణ రానియ్యి అక్కా, మల్ల తవ్విచ్చి మంచిగ జేపిస్త."

"తెలంగాణ నీ బాత్రూం కడుగనీకి వస్తదా? పోరగాండ్లు రోడ్ల మీద లాఠీదెబ్బలు తినేది గిందుకా?"

దేవుళ్లను తడిలో వదిలి రావడానికి మనసొప్పలేదో ఏమో, అక్క గుడ్డ వెతుక్కుని, నొప్పి మోకాళ్ల మీదే కూర్చుని దేవుని అర్రంతా తుడిచింది. బొడ్లో దోపుకొచ్చిన బయానా డబ్బులు మాత్రం బయటికి తీయలేదు.

సిరిసిల్ల దారిలో బండి మీద వెనక నుంచి ఒక్కసారే మాట్లాడింది. "పాణం ఉండంగ నా ఇంట్ల నల్లా తిప్పుతనో లేదో తమ్మీ." నాకు దుఃఖం పొంగుకొచ్చింది. పోస్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇల్లు చేరగానే అక్క కింద నల్లా దగ్గర బకెట్టు నింపుకుంది. నేను అందుకోబోతే పక్కకు జరిపింది.

"నువ్వు సమ్మెల ఉన్నవ్ గద, కూసో," అని మెట్టు మీద కాలు పెట్టింది. "నాకేడిది సమ్మె?"