మడిచినవారి పేరు

మొదటిసారి విమానంలోంచి దూకి క్షేమంగా నేలకు దిగినవాళ్లు ఆ మైదానంలో ఒక మర్యాద పాటిస్తారు. తమ పారాచూట్‌ను మడిచిన చేతుల్లో ఒక కేకు డబ్బా పెట్టి వెళ్తారు. ఎవరు మడిచారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సంచి వెనక చిన్న జేబు, జేబులో ఒక అట్టముక్క, దాని మీద ‘మడిచినవారు’ అని ఒక గడి ఉంటాయి. ఆ గడిలో పదకొండేళ్లుగా ఒకటే సంతకం. అది సూపర్వైజరుది. ఆయన ఈ పదకొండేళ్లలో చేతిరుమాలు తప్ప మరేదీ మడిచిన పాపాన పోలేదు. సాయంత్రం ఫ్యాను కింద కూర్చుని, అట్టముక్కలన్నీ పేకముక్కల్లా పరుచుకుని, వరసగా గీకేస్తాడు.

మడిచేది మడతక్క. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. లైసెన్సు ఉన్నవాళ్లే సంతకం పెట్టాలని నియమం. పరీక్షకు పంపమని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడుసార్లూ ఆయన “చూద్దాంలే” అన్నాడు. కేకు కోసిన ప్రతిసారీ మాత్రం కాగితంలో ఒక ముక్క చుట్టి పంపేవాడు.

“ఇదిగో మడతక్కా, నీ వాటా.”

ఆమె తీసుకునేది. ఇంటికి పట్టుకెళ్లి అత్తగారికి పెట్టేది. ఒక్క మాట అనేది కాదు. మంచితనం అనుకున్నారు అందరూ. మంచితనం కాదది, పని పోతుందన్న భయం. మనం చాలాసార్లు ఆ రెంటినీ ఒకే గాటన కట్టేస్తాం, మనకు హాయిగా ఉంటుంది కనుక.

ఆమె పనిచేసే హాలు పొడవైనది. కిటికీలు ఎత్తుగా ఉంటాయి. ఫ్యాను వెయ్యకూడదు, గుడ్డ ఎగిరిపోతుంది. చెమట బొట్టు పడకూడదు, గుడ్డ పాడవుతుంది. అందుకని నుదుటికి గుడ్డపేలిక కట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, గదంత పారాచూట్‌ను ముందు నేల మీద పారనిస్తుంది. అది నిజంగా పారుతుంది. నారింజ రంగు నీళ్లలా, చప్పుడు లేకుండా. తర్వాత దాని మీద ఒళ్లంతా వాల్చి, లోపల దాక్కున్న గాలిని నెమ్మదిగా బయటికి నెడుతుంది. ఆ గాలి పోయేటప్పుడు నిద్రలో పిల్లలు వదిలే ఊపిరిలా ఉంటుందట. ఒక్కోసారి ఆమెకూ కళ్లు మూతలు పడతాయి. చేతులు మాత్రం పడుకోవు. దారాల్లాంటి సన్నతాళ్లను చిక్కు లేకుండా సర్ది, కొంచెం కొంచెంగా మడిచి, ఒక్కో మడతనూ రబ్బరు బ్యాండుతో పట్టి ఉంచుతాయి. బ్యాండు ఒక్క చుట్టే. లాగితే వదిలెయ్యాలి. పట్టుకోవడం ఎవరైనా చేస్తారు, సరైన క్షణంలో వదలడమే మడత.

ఇంట్లో మాత్రం ఆమె రుమాలు కూడా మడవదు. ఉతికిన బట్టలు మంచం మీద కొండలా పడుంటాయి.

“లోకానికంతా మడతక్క, మనింటికి మాత్రం కుప్పక్క,” అంటుంది అత్తగారు.

“మీ అబ్బాయి ఉన్నాడుగా అత్తయ్యా, ఆయన చేతులేం అరిగిపోవు.”

మొగుడిది సెలూను. బట్టలు మడుస్తూ అతనోసారి అన్నాడు, “నా చేతిలో తప్పు జరిగితే రెండు వారాల్లో మళ్లీ పెరుగుతుంది. నీ చేతిలో జరిగితే ఏది పెరుగుతుందే?” అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ మాట మాత్రం ఆమెలో ఎక్కడో మడత పడి ఉండిపోయింది.

దూకడం నేర్పే మాస్టారు ఒక రోజు హాల్లోకి వచ్చి, గోడకు ఆనుకుని, ఆమె పని చూస్తూ నిలబడ్డాడు.

“తల్లీ, పదేళ్లు దాటిన ఉద్యోగులకి ఒకసారి దూకడం ఉచితం. ఆఫీసులో టీ పెట్టేవాడితో సహా అందరూ దూకేశారు. నీకెవరూ చెప్పలేదా?”

ఆమె తలెత్తలేదు. తాళ్లు చేతిలో ఉన్నాయి. మడత పూర్తయ్యాక అడిగింది.

“పైన అది తెరుచుకుంటే ఎలా ఉంటుంది మాస్టారూ?”

“అది నాకంటే నీకే తెలియాలి.”

ఆమె దూకడానికి అనుమతి అడిగితే సూపర్వైజరుకు నవ్వొచ్చింది. “నేల మీద కూర్చునేదానివి, నీకు ఆకాశం ఎందుకమ్మా?” అయినా కాయితం మీద సంతకం పెట్టాడు, సంతకాలంటే ఆయనకు కష్టం లేదు కనుక. ఆమె ఇంకొక్కటి అడిగింది.

“ఈసారి నాది నేనే మడుచుకుంటాను. ఆ ఒక్క అట్ట మీదైనా నా పేరు రాయనివ్వండి సార్.”

“లైసెన్సు?”

ఆయన గడిలో తన సంతకమే గీకాడు.

ఆమెకు కావలసిందల్లా ఒక్కటే. పదకొండేళ్ల చేతిపని మీద ఒక్కసారి తన పేరు.

నేల మీద శిక్షణ రెండు రోజులు సాగింది. మాస్టారు ఆమెను పట్టీలతో దూలానికి వేలాడదీసి ప్రశ్నలు వేశాడు. కుడి రొమ్ము పక్కన ఎర్ర పిడి. లాగితే పెద్ద పారాచూట్ తెగిపోయి వెళ్లిపోతుంది. ఎడమ పక్కన వెండిరంగు పిడి. లాగితే రెండోది, ప్రాణానికి దాచుకున్నది, తెరుచుకుంటుంది. తాళ్లు మెలి పడితే కాళ్లు తన్ని విప్పుకోవచ్చు. మణికట్టు మీద ఎత్తు చూపే గడియారంలో ముల్లు రెండువేల అయిదువందల అడుగులకు దిగిందంటే మాత్రం ఇంక విప్పకూడదు.

“అందరికీ భయం నేర్పుతాను. నీకు వేరేది నేర్పాలి,” అన్నాడు మాస్టారు. “నీకు ప్రతి తాడూ తెలుసు. చిక్కు పడితే విప్పుదామనే చూస్తావు. కింద హాల్లో అది గుణం. పైన అదే నిన్ను తినేస్తుంది. వదిలెయ్యి. వింటున్నావా తల్లీ?”

“వింటున్నాను మాస్టారూ.”

“వినడం కాదు, చెప్పు.”

“వదిలేస్తాను.”

దూకే ముందురోజు పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది. “అమ్మాయ్, మూట గట్టిగా కట్టుకో. ఊడిపోకుండా గట్టిగా.”

నవ్వుతూనే బయల్దేరింది. హాల్లో కూర్చున్నాక మాత్రం ఆ మాట వేళ్లలోకి దిగింది. పాత రబ్బరు బ్యాండ్లు తీసేసి కొత్తవి వేసింది. ఒక్క చుట్టు చాలే చోట, ఎడమ వరస మొత్తం, రెండేసి చుట్లు తిప్పింది. ఊళ్లో అందరికీ ఒక్క చుట్టుతో మడిచిన మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి మూట కట్టింది. ప్రేమతో బిగించడమంత పెద్ద తప్పు ఆ పనిలో మరొకటి లేదని ఆమెకు తెలుసు. అయినా జరిగింది.

మర్నాడు విమానం తలుపు దగ్గర గాలి ఎంత పెద్దగా ఉందంటే, ఇంక ఏ చప్పుడూ లేనట్టే ఉంది. మాస్టారు భుజం తట్టాడు. నాలుగువేల అడుగుల ఎత్తులో ఆమె అడుగు తీసి, ఏమీ లేని చోట వేసింది.

విమానానికి కట్టిన పట్టీ ఆమె వీపు మీది సంచిని తెరిచింది. ఒక కుదుపు. తర్వాత ఎవరో ప్రపంచాన్ని ఆపేసినట్టు నిశ్శబ్దం. తలెత్తి చూసింది. నారింజ రంగు గుడ్డ తెరుచుకుంది. ఎండ దానిలోంచి దిగి ఆమె చేతుల మీద నారింజగా పడుతోంది. పదకొండేళ్లుగా నేల మీద పడుకోబెట్టినది, లేచి నిలబడితే ఇలా ఉంటుందా! ఒక్క క్షణం ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడు చూసింది. తల వెనక తాళ్లన్నీ ఒకదానికొకటి చుట్టుకుని, జడలా అల్లుకుని ఉన్నాయి. ఎడమ వైపు బ్యాండ్లు ఆలస్యంగా వదిలాయి. మడత ఉన్న లోపలి సంచి పైకి పోతూ గిరగిరా తిరిగింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు అర్థమైపోయింది, తన చేతిరాతను తనే చదువుకున్నట్టు.

కాళ్లు తన్నింది. ఒక మెలి విడింది. ఇంకోటి విడింది. కింద పొలాలు, రోడ్లు, మిల్లు గొట్టం, అన్నీ ఒక పళ్లెంలో పెట్టి ఎవరో మెల్లగా తిప్పుతున్నట్టు తిరుగుతున్నాయి. అందులో తమ వీధి కూడా ఉండి ఉండాలి. మంచం మీద బట్టల కుప్ప కూడా. భయం వెయ్యలేదు. అదే ప్రమాదం. చేతిలో పని ఉందనిపించింది. ఇంకా ఏడు మెలికలు. ఈ తాడు ఇటు, ఆ తాడు అటు, ఇంకొంచెం ఓపిక పడితే... హాల్లో మధ్యాహ్నం పూట వచ్చే మత్తులాంటిదే కళ్ల మీదికి వచ్చింది. తిరుగుడు వేగం పెరిగింది. అది కూడా ఊయలలాగే ఉంది.

ముల్లు రెండువేల ఏడువందల దగ్గర ఉంది. “వినడం కాదు, చెప్పు.”

“వదిలేస్తాను,” అంది పైకి, ఎవరూ లేని గాలిలో. ఎర్ర పిడి లాగింది.

నారింజ రంగు ఆమెను విడిచిపోయింది. తన మడత, తన బరువు లేకుండా, తేలికగా, ఆకులా అటు తేలిపోవడం ఆమె చూసింది. పడిపోతూనే చూసింది. ఆ చూపు ముగియకముందే ఎడమ చెయ్యి వెండి పిడిని లాగేసింది.

ఈసారి తెరుచుకున్నది తెల్లది. ఒక్క మెలి లేదు. తాళ్లన్నీ దువ్విన జుట్టులా తిన్నగా ఉన్నాయి. ఇది తను మడిచింది కాదు. ఎవరో మడిచారు, ఎక్కడో ఎత్తు కిటికీల కింద, మోకాళ్ల మీద కూర్చుని. దున్నిన పొలంలో మోచేయి గీరుకుని దిగేదాకా ఆ ‘ఎవరో’ గురించే ఆలోచించింది.

మట్టిలో కూర్చునే ఆ తెల్లదాని అట్టముక్క తీసి చూసింది. రెండో పారాచూట్‌ను మడిచేవాళ్లు స్వయంగా సంతకం పెట్టి తీరాలి, సీలు వెయ్యాలి. గడిలో గుండ్రటి అక్షరాలతో ఒకావిడ పేరు ఉంది. పక్క ఊరు. మడతక్క ఆ పేరును పైకి చదివింది. మళ్లీ చదివింది.

ఆఫీసులో సూపర్వైజరు మొహం పాలిపోయి ఉంది. జరిగినదాని రిపోర్టులో ముందు “గాలి బాలేదు” అని రాయబోయాడు. మాస్టారు ఒప్పుకోలేదు. అప్పుడు మాట మార్చాడు.

“అసలు మడిచింది ఈవిడే కదా! తప్పు ఈవిడదే అని రాస్తాను.”

“రాయండి సార్,” అంది మడతక్క. “ఎడమ వరసకి రెండు చుట్లు తిప్పాను. కొత్త బ్యాండ్లు. తప్పు నాదే. నా పేరు పూర్తిగా రాయండి.”

ఆయన కలం ఎత్తాడు. ఎత్తి మళ్లీ కింద పెట్టాడు.

“ఏంటి సార్ ఆగిపోయారు? ఈ అట్ట మీద ఉన్నది మీ సంతకం. ఇది నేను మడిచానని రాస్తే, మిగతావి ఎవరు మడిచారని అడుగుతారు. చెడినది ఒక్కటీ నాది, తెరుచుకున్నవన్నీ మీవి ఎలా అవుతాయి?”

“పదకొండేళ్లు నోరెత్తలేదు, ఇవాళేంటి నీకు?”

“ఇవాళ వదిలెయ్యడం నేర్చుకున్నాను సార్.”

మాస్టారు కాయితం ఆమె వైపు జరిపాడు. ఆమే రాసింది, తన తప్పూ, తన పదకొండేళ్లూ, కింద తన పేరూ. రాసిన మర్నాడే విచారణ పూర్తయ్యేదాకా పనికి రావద్దని నోటీసు ఇచ్చారు. ఆ రోజు ఆమె చేసిన పని ఒకటే. ఒక కేకు డబ్బా పట్టుకుని బస్సెక్కి, పక్క ఊరు వెళ్లి, గుండ్రటి అక్షరాల ఆవిడ చేతుల్లో పెట్టి వచ్చింది.

ఇప్పుడామె ఇంట్లోనే ఉంది. బట్టలు ఇంకా కుప్పగానే ఉన్నాయి. అత్తగారు పోరుతూనే ఉంది. హాల్లో మరో ఇద్దరు ఆడవాళ్లు మడుస్తున్నారు. ఫ్యాను కింద ఆయన సంతకాలు పెడుతూనే ఉన్నాడు.

కనుక ఇది చదివినవాళ్లకు ఒక మనవి. మీరు దూకబోయే రోజున, ఆ చిన్న జేబులో చెయ్యి పెట్టి అట్ట తియ్యండి. ఆ సంతకం చేసినవారిని కాదు, మడిచినవారిని పిలవమనండి. ఆ మనిషి వచ్చి, తన పేరు తనే రాసేదాకా విమానం ఎక్కకండి. మీరు దూకేవాళ్లు కాకపోతే, ఆ మైదానం ఆఫీసుకు ఒక ఉత్తరం రాయండి. మడతక్కను పరీక్షకు పంపమని, ఆమె గడి ఆమెకివ్వమని అడగండి. మూడు అర్జీలకు “చూద్దాంలే” అన్నవాళ్లు మూడువందల ఉత్తరాలకు ఏమంటారో చూద్దాం.