వేరు పొయ్యి పెట్టుకున్న మనిషి

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను జమ్మలమడుగులో ఆడోళ్ల ఇంట్లో వంట చేసేదాన్ని. నిలవనీడ లేని ఆడోళ్ల కోసం మా కిరస్తానం మిషనోళ్లు పెట్టిన ఇల్లది. ఆడ ఒకటే కట్టడి: వచ్చిన మనిషికి ముందు కడుపుకింత పెట్టాల, కత తర్వాత అడగాల.

పులివెందుల దిక్కునుంచి ఒకామె వచ్చింది. మొగుడు సచ్చిపోతే మరుదులు ఇంట్లోనుంచి తరిమేసినారంట. నేను సంగటి ముద్ద, ఊరిబిండి తెచ్చి ముందర పెడితే చెయ్యి పెట్టలా.

"నేనీడ తినగూడదక్కా. మీ చేతికూడు తిన్యానంటే మాయన్న గడప తొక్కనీడు" అనింది. వాళ్లన్నది ప్రొద్దుటూరు. ఆడికి పోయే బస్సు డ్రైవరుతో కబురంపించింది.

నాకు మండుకొచ్చింది. "అబ్బో! రోడ్డున పడినా కులాన్ని కొంగున కట్టుకోనొచ్చినావే!" అనేసినా. ఆయమ్మి నవ్వింది. మేమిచ్చిన రాగిపిండి తీసుకోని, పెరట్లో మూడు రాళ్లు పెట్టి వేరేగా వండుకుంటాండె. మా బాయి నీళ్లు గూడా ముట్టలా, పెన్నలో చెలమ తోడుకోని తెచ్చుకునేది. వాన పడితే ఆ పొయ్యికి గోనెపట్ట అడ్డం పట్టేది మాత్రం నేనే, తిట్టుకుంటా. బస్సు హారన్ ఇనపడితే చాలు, గేటు కాడికి ఉరికేది. ఎవరూ దిగకపోతే మెల్లగా వచ్చి మళ్లా పొయ్యి ఊదుకునేది. సూసేకి నాకే శానా కష్టమయ్యేది.

కడాకు వాళ్లన్న వచ్చినాడు. గేటు బయటే నిలబడినాడు. ఈయమ్మి మూట సంకన పెట్టుకోని పరిగెత్తింది.

"ఈడ తిన్యావా మే?" అన్నాడు.

"ల్యాన్నా, దేవుని తోడు, మెతుకు ముట్టలా. నా పొయ్యి వేరే. రా, సూద్దువు."

నేనూ ఉండబట్టలేక, "నిజమప్పా, మా నీళ్లు గూడా తాగలా" అన్నా.

"తినకపోతే ఏమి? ఈడుండావని అందరికీ తెలిసిపాయ. రేపు నా బిడ్డల్ని ఎవరు చేసుకుంటారు?" అని, ఆయప్ప చెల్లెలి ముఖమైనా సూడకుండా రోడ్డుమీదికి పోయినాడు. ఇంత రాయి గుండె యాడన్నా ఉంటాదా! ఆ మనిషిని ఇప్పటికీ తిడతానే ఉండా.

ఏడుస్తాదనుకుంటి. ఏడ్సలా. మధ్యాన్నం అందరూ బంతిలో కూసుంటే తనూ వచ్చి కొసన కూసుని తట్ట ముందరికి జరిపింది. నేను ముద్ద పెట్టినా. గబగబా తినేసి తట్ట మళ్లా పట్టింది.

"ఇంకింత పెట్టక్కా. ఇంక నన్ను పిల్చుకోని పోయేకి ఎవరూ రారు" అనింది.