బీరువాలో పళ్ళసెట్టు

ఆమె ఆసుపత్రిలో ముసలివాళ్ళ వార్డులో ఆయాగా చేరి ఇరవై రెండేళ్ళయింది. భర్త పోయాక ఇంటికి వెళ్ళే తొందర కూడా పోయింది. డ్యూటీ దిగినా ఏదో ఒక మంచం దగ్గర తచ్చాడుతూ ఉండేది.

ఆ వారం ఆమె బెంగంతా కిటికీ పక్క మంచం మీది టీచరమ్మ గురించే. ఆవిడ నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు. పలకరిస్తే ఏదో గొణిగేది, మతి తప్పిందన్నారు. మర్నాడు ముక్కులోంచి గొట్టం వేస్తామని డాక్టరు రాసి వెళ్ళాడు. గొట్టం పడ్డాక లేచి ఇంటికి వెళ్ళిన ముసలివాళ్ళెవరూ ఆయాకు గుర్తు రాలేదు.

తడిబట్టతో మొహం తుడుస్తుంటే లోపలికి పోయిన బుగ్గలు చేతికి తగిలాయి.

"పెద్దమ్మా, నీకు పళ్ళసెట్టుండేదా?"

టీచరమ్మ తల ఊపింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

సంగతి వినగానే నర్సు నాలిక కరుచుకుంది. "చేరిన రోజే తీసి బీరువాలో పెట్టానక్కా, ఎక్కడైనా పోతుందని."

"సెట్టు భద్రంగానే ఉంది తల్లీ. మనిషే పోయేలా ఉంది."

సెట్టు కడిగి నోట్లో పెట్టాక టీచరమ్మ మెల్లగా నమిలి అరకంచం అన్నం తిన్నది. డాక్టరు గొట్టం మాట కొట్టేశాడు.

"ఇంట్లో నీకెవరున్నారే?" టీచరమ్మ ఇప్పుడు స్పష్టంగా అడిగింది.

"నేనూ, అన్నం గిన్నే. మా ఇద్దరికీ పోట్లాటల్లేవులే."

టీచరమ్మ నవ్వలేదు. "రోజూ నువ్వే వచ్చి కూర్చో," అంది.

తిండి తినే మనిషిని వార్డులో ఎక్కువ రోజులు ఉంచరని ఆయాకు తెలుసు.

"వస్తాలే పెద్దమ్మా," అంది.