దగ్గే కారులో మిర్యాలగూడ దాకా

మా అక్కకు మిర్యాలగూడ ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. సోమవారం నాలుగింటిలోగా చేరకపోతే ఇంకొకరికి ఇస్తామని కాగితంలో రాశారు. బావ పోయాక ఆమెకు దొరికిన మొదటి ఆధారం అది. బస్సులో పోదామంది. నేను కొత్తగా కొన్న పాత కారు ఇంటి ముందుండగా బస్సేమిటని పట్టుబట్టాను. ఆమె చదివిన కోదాడ బడిలో సర్టిఫికెట్ తీసుకోవాలి గనుక ఆ దారే పట్టాం.

ఆ సోమవారం ఉదయం ఏడింటికి సూర్యాపేటలో బయలుదేరితే కోదాడ దాకా ఇరవై ఏడు మైళ్లకు రెండు గంటలు పట్టింది. పరుగులో కారుకు వంక పెట్టడానికి లేదు. ఎద్దుబండ్లకు దారి ఇవ్వడానికి నెమ్మదించినప్పుడల్లా మాత్రం ఇంజన్ వణికి, దగ్గి, ఆగిపోయేది. ప్లగ్గులు తుడిచాను. కార్బురేటర్ విప్పి ఊదాను. పెట్రోలు వడగట్టి పోశాను.

"తమ్మీ, నువ్వు బాగుచేసినకొద్ది ఇంకా ఖరాబైతున్నది," అంది అక్క.

సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి పది దాటింది. మిర్యాలగూడ బస్సు వెళ్లిపోయింది. ముందు మూసీ ఉంది. మోకాలి లోతు నీళ్లలో నెమ్మదిగా దాటాలి. అక్కడ ఇంజన్ ఆగితే ఇక అంతే సంగతులు. మళ్లీ స్టార్టు కాదేమోనన్న భయంతో, యాక్సిలరేటర్ మీద చిన్న రాయి పెట్టి, దగ్గుతున్న ఇంజన్‌ను ఆగనివ్వకుండానే కారును ఒక హోటల్ ముందు నిలిపి భోజనానికి కూర్చున్నాం. వంటాయన యాదగిరి పూరీల పిండి చేతులతోనే బయటికొచ్చి విన్నాడు.

"సారూ, ఇది బొగ్గుతోటి నడిచిన బండేనా?"

"అమ్మినాయన అట్లాగే చెప్పాడు. నీకెలా తెలుసు?"

"యుద్ధమప్పుడు గసుంటి బస్సులల్ల నేనే బొగ్గు పోసిన. ఉరికితే మంచిగుండి, నిలబడితే దగ్గుతున్నదంటే యాడనో గాలి గుంజుతున్నట్టు. జర ఈడ చెవి పెట్టుండ్రి."

అతను బానెట్ ఎత్తి చూపిన చోట చెవి పెడితే సన్నగా ఈల వినబడింది. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో కారు వెనక డ్రమ్ములో బొగ్గు కాల్చి, ఆ గ్యాసును గొట్టంతో ఇంజన్‌లోకి పంపేవారు. డ్రమ్ము తీసేసినవారు గొట్టం రంధ్రంలో చెక్క బిరడా కొట్టారు. వేడికి అది ఎండి వదులైంది. యాదగిరి దాని చుట్టూ పిండి అదిమాడు. ఇంజన్ కుదురుకుంది. పిండి తీస్తే దగ్గింది, పెడితే మళ్లీ కుదురుకుంది. ఇంజన్ ఆపించి, పొయ్యికి తెచ్చిన తుమ్మకట్టె చెక్కి, గుడ్డ చుట్టి, గట్టిగా దిగ్గొట్టి, తీగతో బిగించాడు. భోజనాలకు పన్నెండణాలు తీసుకున్నాడు, మరమ్మతుకు ఏమీ ముట్టలేదు.

"ఇగ మూసీల ఆగదు గదా?" అని అక్క అడిగింది.

"ఆగదమ్మా. ఆగితే మా హోటల్ పేరు పోతది."

పదకొండున్నరకు బయలుదేరి హుజూర్‌నగర్ మీదుగా ఒకటిన్నరకు మూసీలో దిగాం. సరిగ్గా నడి నీటిలో గేదెల మంద అడ్డం నిలబడింది. కారు ఆపక తప్పలేదు. కాపరి తాపీగా వాటిని తోలేదాకా అక్క సర్టిఫికెట్‌ను గుండెలకు అదుముకుని కూర్చుంది. ఇంజన్ మాత్రం ఒక్క దగ్గు దగ్గలేదు. ఒడ్డెక్కాక నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడుంపావుకు మిర్యాలగూడ చేరాం. అక్క రిజిస్టరులో సంతకం పెట్టి బయటికొచ్చి, "చేరిన తమ్మీ," అని మెట్ల మీద కూలబడి నవ్వింది. పాత కారు కొనేవారికి నా సలహా ఒక్కటే: పరుగు చూసి మురిసిపోకండి, నిలబెట్టి ఒక చాయ్ తాగేంతసేపు ఇంజన్ ఆడనివ్వండి. ఆ రోజు నా పంతం వల్ల ఆలస్యమై ఉంటే అక్క నన్ను ఒక్క మాట కూడా అనేది కాదు. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.