కొంగులో పెట్టిన మగ్గం

జిల్లా రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది, ఆషాఢ మాసంలో, మా దినపత్రిక అనంతపురం ఎడిషన్‌లో గళ్ళ నుడికట్టు పని పూర్తిగా నాకు అప్పగించినారు. అంతకు ముందు చాలా ఏళ్ళు ప్రూఫ్ రీడర్‌గా ఉండి, సబ్ ఎడిటర్ హోదాకు వచ్చినాను. నేను బడికి పోయిన మనిషిని కాను. ముదిగుబ్బ దగ్గర మా పల్లెలో నాయన పూజారి. చిన్నప్పుడు కాలు బాగాలేక నేను నడవలేకపోతే, పొద్దున పూజ ముగించుకొని వచ్చి ఆయనే నాకు చదువు చెప్పినాడు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టినాను. అట్లాంటి నాకు అక్షరాలతోనే అన్నం పెట్టినాడని కదిరి నరసింహస్వామికి ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

పొద్దున్నే కాఫీ తాగుతూ గళ్ళు నింపేవాళ్ళలో చాలామందికి అవి ఎట్లా తయారవుతాయో తెలియదు. ముందు ఇతివృత్తం అనుకుంటాం. ఒకరోజు వంటిల్లు, ఒకరోజు గొర్రెల మంద, ఒకరోజు వేరుశనగ చేను. దానికి సంబంధించిన పెద్ద మాటలను అడ్డంగా పరిచి, వాటిని పట్టుకొని నిలువు మాటలు దించుతాం. గడికొక అక్షరం, ఒత్తు ఉన్నా గుణింతం ఉన్నా కలిపి ఒక్కటే గడి. నల్లగళ్ళు ఇష్టం వచ్చినట్టు పెట్టకూడదు. కాగితాన్ని తలకిందులు చేసి చూసినా అదే ఆకారం కనబడాలి. అన్నీ కుదిరినాక, చివర్లో ఆధారాలు రాసి, ఒక్కో ఆధారం పక్కన ఆ మాటకు ఎన్ని అక్షరాలో అంకె వేస్తాం.

ఇతివృత్తం ఏమిటో పైన రాసేదాన్ని కాదు. కొన్ని మాటలు నింపేసరికి, ‘ఓహో, ఇవన్నీ ఒకే ఇంటి సరుకు కదా’ అని పాఠకునికి తనంతట తానే తెలియాలి. అక్కడినుంచి మిగిలిన మాటలు వాటంతట అవే పిలిస్తే వచ్చినట్టు వస్తాయి. నుడికట్టులో సుఖమంతా అక్కడే ఉంది.

నాకు పని అప్పగించి కొన్నాళ్ళయినా కాకముందే దానికి గండం వచ్చింది. హైదరాబాద్ ప్రధాన కార్యాలయం, అన్ని జిల్లాలకూ ఒకే నుడికట్టు తయారుచేసి పంపుతామని కబురు చేసింది. మా ఎడిషన్ ఇన్‌ఛార్జి రాఘవరెడ్డి సార్ మంచివాడే, కానీ మాట కటువు. నన్ను పిలిచి, ఎవరు చేస్తాండారమ్మా ఈ గళ్ళు, ఒక్క ఫోనైనా వస్తాండాదా అని అడిగినాడు. గళ్ళు సరిగా ఉన్నంతవరకు ఎవరూ ఫోను చేయరు సార్ అన్నాను. ఆయనకు అది జవాబుగా తోచలేదు. నెలాఖరు వరకు చూస్తాను, ఈలోగా ఎవరైనా చూస్తున్నారని రుజువు కనబడితే హైదరాబాద్‌కు రాస్తాను, లేకపోతే వాళ్ళు పంపిందే వేస్తామన్నాడు. ఆధారాల పక్కన అంకెలు కూడా తీసేస్తే ప్రకటనకు చోటు కలిసివస్తుందని ఒక సలహా పడేసినాడు. నేను అంకెలు తీయలేదు. ఆధారాలనే కురచ చేసి ఆ చోటు ఇచ్చినాను.

ఆ నెల చివరి వారంలో నేత మీద ఒక నుడికట్టు కట్టినాను. ధర్మవరం మా ఎడిషన్‌కు పెద్ద ఊరు. అక్కడివాళ్ళు మెచ్చుకుంటే రుజువు అదే వస్తుందని నా ఆశ. ‘తన ఇల్లు తానే అల్లుకొని మనకు చీర ఇస్తుంది (5)’ అంటే పట్టుపురుగు. ‘అటూ ఇటూ పరుగే, ఊరు మాత్రం దాటదు (2)’ అంటే నాడె, మగ్గంలో పోగును అటూ ఇటూ మోసేది. ‘నేసే మనిషి కాళ్ళు నేల లోపల, చేతులు నేల పైన (4)’ అంటే గుంతమగ్గం. ఇంత చక్కగా కుదిరిన నుడికట్టు అంతకు ముందు నాకు పడలేదు. సాయంత్రం పేజీ ప్రూఫ్ చూసి, సంతకం పెట్టి, స్వామికి మనసులో నమస్కారం చేసుకొని ఇంటికి పోయినాను.

తెల్లవారి దీపం పెట్టుకొని, పేపరు పరుచుకొని, పెన్సిలు తీసినాను. నా నుడికట్టు నేనే పాఠకురాలిగా నింపడం నాకు అలవాటు. మొదటి ఆధారం పట్టుపురుగు, ఐదు అక్షరాలు. దానికి ఎదురుగా ఉన్నవి మూడు గళ్ళు. కింద చూస్తే నల్లగళ్ళన్నీ నాకు తెలిసినవే, కానీ నిన్నటివి. ఆధారాలు నేతవి, గళ్ళు ముందురోజు వేసిన వంటింటివి. ఇక దాన్ని లోకంలో ఎవరూ నింపలేరు.

ఆఫీసుకు పోతే సంగతి తెలిసింది. నేను సంతకం పెట్టి పోయినాక ఒక ప్రకటన వచ్చి ఆ మూల మొత్తం తిరిగి కట్టాల్సి వచ్చింది. గళ్ళు, ఆధారాలు, జవాబులు మూడూ మూడు వేర్వేరు ఫైళ్ళుగా ఉండేవి మా దగ్గర. పేజీలు కట్టే బాషా తొందరలో ఆధారాలు కొత్తవి తీసుకొని, గళ్ళు మాత్రం పాత పేజీ నుంచి లాగినాడు. నల్లగళ్ళు అన్నిరోజులూ ఒకేలాగ కనిపిస్తాయి కాబట్టి తేడా తెలియలేదు. “శారదక్కా, నన్ను తిట్టు, తిట్టకుండా అట్ల నిలబడొద్దు,” అన్నాడు పాపం. తిట్టడం మాని, సవరణకు సరైన గళ్ళు తీసిపెట్టమన్నాను.

ఫోను మాత్రం ఊరుకోలేదు. ఉరవకొండ నుంచి ఒక రిటైరైన టీచరు, మీ ఆఫీసులో అందరూ నిద్రపోతాండారా అని అడిగినాడు. గోరంట్లలో మందుల షాపాయన, పొద్దున బేరం కూడా మానుకొని కూర్చున్నాను, ఇది నింపేదా చింపేదా అని అడిగినాడు. మధ్యాహ్నం దాకా రాఘవరెడ్డి సారే ఎత్తుతూ వచ్చినాడు. చివరికి నా వైపు తిరిగి, “తప్పు పడితే గాని వీళ్ళు బతికి ఉండారని తెలీలేదే మనకు,” అన్నాడు.

నాకు ఆశ పుట్టింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. ఫోన్ల సంగతి ఆయన హైదరాబాద్‌కు చెబితే, వాళ్ళు దాన్ని వేరే విధంగా తీసుకున్నారు. ఇవి ఫిర్యాదులు, మెప్పు కాదు. జిల్లాలో చేయిస్తే ఇట్లాంటి తప్పులే వస్తాయి, రేపటినుంచే మా నుడికట్టు వేయండి అన్నారు. సార్ ఆ మాట నాకు మెల్లగానే చెప్పినాడు. సరే సార్ అని నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. ఇన్నాళ్ళు స్వామి ఇచ్చినాడు, చాలు అనుకోవడానికి ప్రయత్నం చేసినాను.

అప్పుడు ధర్మవరం నుంచి వెంకటలక్ష్మమ్మ అనే ఆమె ఫోను చేసింది. ఇంట్లో మగ్గానికి పట్టుదారం కండెలు చుడుతుందట. భర్త నాగరాజు చీరల అంచులకు డిజైన్లు గీస్తాడట. మళ్ళీ తిట్లే అనుకొని, తప్పు జరిగిందమ్మా, రేపు సవరణ వేస్తామని ముందే చెప్పినాను.

“సవరణ మీరు వేసుకోండమ్మా. మాకు అయిపోయింది,” అన్నది.

ఏమి అయిపోయిందో నాకు అర్థం కాలేదు.

“మీ గళ్ళు పనికి రాలేదు. మాటలు మాత్రం మా మాటలే ఉండాయి. అందుకని మేమే గళ్ళు వేసుకున్యాము.”

వాట్సాప్‌లో ఫొటో పంపింది. ధర్మవరంలో చీర అంచుకు బొమ్మ ముందు గళ్ళ కాగితం మీద పుడుతుంది. ఒక్కో గడి ఒక్కో పోగు లెక్క. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడితే, ఏ పోగు లేవాలో ఆ అట్టలు మగ్గానికి చెప్తాయి. నాగరాజు ఆ కాగితం మీదనే నా నుడికట్టును కట్టినాడు. ఆధారం పక్కన అంకె ఉంది కాబట్టి మాట పొడవు తెలిసింది; పొడవు తెలిసినాక ఏది ఏ అక్షరం దగ్గర కలుస్తుందో ఇంటిల్లిపాదీ కూర్చొని పట్టుకున్నారు. అయితే ఆయన డిజైను గీసే అలవాటు ప్రకారం సగం గీసి, మిగతా సగం అద్దంలో చూసినట్టు తిప్పినాడు. మా నియమంలో అది తప్పు. చూడడానికి మాత్రం చీర అంచులాగ కళకళలాడుతూ ఉంది. గుంతమగ్గం ఎక్కడా ఇమడక, గళ్ళ పక్కన విడిగా నిలువుగా రాసి ఉంది. అదేమిటని అడిగినాను.

“అది పట్టలేదమ్మా,” అన్నది నవ్వుతూ. “కొంగులో పెట్టినాము.”

వెనక నుంచి నాగరాజు గొంతు వినిపించింది, మగ్గం కొంగులో పెట్టుకొని తిరిగే ఆడది నువ్వొక్కదానివే అని. ఆమె ఫోను పక్కకు పెట్టకుండానే, నువ్వు గీసింది పొట్టి చీర కాబట్టే ఆ గతి పట్టిందని జవాబు చెప్పింది. నేను నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాను.

ఫోను తీసుకొని పోయి సార్‌కు చూపించినాను. ఆయన ఆ ఫొటోను హైదరాబాద్‌కు పంపి, తర్వాత ఫోను చేసి చెప్పినాడు: “గళ్ళు లేకపోయినా చేసినారు సార్. ఇంకేం రుజువు కావల్ల మీకు?”

మర్నాడు సరైన గళ్ళతో సవరణ వేసి, దాని పక్కనే నాగరాజు దంపతుల కాగితం కూడా, కొంగుతో సహా, అచ్చు వేసినాం. బాషా ఆ పేజీని ఎంతో శ్రద్ధగా కట్టినాడు. ఎవరి చేతికీ వదలలేదు. ప్రధాన కార్యాలయం పూర్తిగా దిగిరాలేదు. వారమంతా వాళ్ళ నుడికట్టే వచ్చింది, శుక్రవారం మాత్రం మా ఎడిషన్‌కు విడిచిపెట్టినారు. నాకు ఆ ఒక్కరోజు చాలింది. గడిచిన ఏడాది పదవీ విరమణ చేసేవరకు ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. అది దేవుని దయ, బాషా శ్రద్ధ.

ఆ సంఘటన తర్వాత పనిలో రెండు మార్పులు చేసినాం. గళ్ళు, ఆధారాలు ఒకే ఫైలులో పెట్టినాం. ప్రూఫ్ సంతకం అయినాక ఆ మూలను కదిలిస్తే మళ్ళీ సంతకం కావాలని నియమం చేసినాం. మూడో సంగతి నేను నేర్చుకున్నది. నా స్థానంలోకి వచ్చిన అమ్మాయికి బాధ్యతలు అప్పగించేటప్పుడు అదొక్కటే గట్టిగా చెప్పినాను: చోటు చాలకపోతే ఆధారం కురచ చేయి, ఇంకా చాలకపోతే మాట తీసేయి, ఆధారం పక్కన అంకె మాత్రం తీయొద్దు. గళ్ళు తప్పిపోయిన రోజు పాఠకుని చేతిలో మిగిలేది అదే.