ఆ బిరడా పెట్టింది నేను

పోయిన నెలలో ఒక పాత మిత్రుడు షూటింగ్ క్లబ్బు వాళ్ళు అచ్చువేసిన సావనీరు ఒకటి నా చేతిలో పెట్టి, మీ అబిడ్స్ షాపు గురించి రాశారు చూడమన్నాడు. రాసిన పెద్దమనిషి ఒకప్పుడు తన రైఫిల్ పట్టుకుని నెలకోసారైనా మా దగ్గరికి వచ్చినవారే. సందులోని ఇరానీ హోటలు, షాపు ముందరి అద్దాల బీరువా, వెనక గదిలోని పొడుగాటి బల్ల, అన్నీ ఉన్నదున్నట్టుగా రాశారు. చదువుతుంటే కిరసనాయిలు వాసన ముక్కుకి తగిలింది. చివర్లో మాత్రం, సొంతంగా కలిపిన మందుతో తుపాకులు కడిగే ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవాడనీ, చివరికి మతిమరుపు వచ్చి ఒక మంచి రైఫిల్‌ను పాడుచేసి పని మానేశాడనీ ఉంది. ఆయన్ని తప్పుపట్టను. అందరికీ తెలిసిన కథ అదే. అది నిజం కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, తెలిసీ ముప్పై ఏళ్ళు నోరు విప్పనివాణ్ణి కూడా నేనే.

మాది మెదక్ వైపు నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఐటిఐలో ఫిట్టర్ పని నేర్చుకుని, రెండు మూడు చోట్ల చేసి, ఇరవై నాలుగో ఏట అబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ వైపు వెళ్ళే సందులోని ఆ తుపాకుల రిపేరు షాపులో చేరాను. వెనక గదికంతటికీ పెద్ద ఉస్తాద్, సావనీరులో రాసిన ఆ ముసలి మేస్త్రీ. ఆయనకి అప్పటికే అరవై దగ్గర పడ్డాయి. లైసెన్సున్న రైతులు, బ్యాంకు కాపలాదారులు, పోటీలకు వెళ్ళే షూటర్లు, ఎవరు వచ్చినా తుపాకి బల్లమీద పెట్టి యజమానిని కాదు, ఆయన్ని అడిగేవారు.

రైఫిల్ గొట్టంలో మకిలి రెండు రకాలని మీలో తుపాకి పట్టినవారికి తెలుసు. తుపాకిమందు కాలిన మసి ఒకటి. దానికి ఉస్తాద్ కిరసనాయిలు, టర్పెంటైను, కొంచెం ఇంజను ఆయిలు కలిపి ఒక గోధుమరంగు సీసాలో ఉంచేవాడు. రెండోది మొండిది, తూటా మీది రాగి గొట్టం గోడలకు పట్టుకుపోయేది. దాన్ని ఆయిలు కదిలించలేదు. దానికి అమ్మోనియా నీళ్ళు, సబ్బు నురగ కలిపిన మందు వేరే ఉండేది. గొట్టం కింది కొసకి బిరడా బిగించి, పైనుంచి ఆ మందు నింపి, నిలబెట్టి ఉంచితే రాగి కరిగేది. కడ్డీకి గుడ్డ చుట్టి లాగితే మైలుతుత్తం నీలం రంగులో వచ్చేది. నీలం పోయి గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ లాగాలి. అయితే ఆ మందు రాగితో ఆగదు. ఎక్కువసేపు వదిలేస్తే ఇనుమునూ తింటుంది. అందుకని ఆయన లెక్క ఒకటే, ఇరానీ హోటల్లో ఒక చాయ్ తాగి వచ్చేంతసేపు. నేను గడియారం చూస్తే నవ్వేవాడు.

"గడియారం ఏం చెప్తదిర నీకు? చాయ్ అయిపోయిందా, లేశి రా. మీ పాస్టర్ సారు ప్రార్థన లెక్క పొడుగు చేస్తే, బారెల్‌ల గుంటలు పడతయ్ బిడ్డా."

బల్లమీద ఒకేసారి నాలుగైదు రైఫిళ్ళుండేవి కాబట్టి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. బిరడా ఎవరు పెడితే వాళ్ళే తియ్యాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. అందుకు గుర్తుగా పెట్టినవాడు తన రుమాలు ఆ రైఫిల్‌కి కట్టాలి. ఆయనవి ఎర్ర గళ్ళవి, మేకుకి ఎప్పుడూ నాలుగైదు వేలాడుతుండేవి. నావి తెల్లవి, మా అమ్మ అంచు కుట్టి ఇచ్చినవి. ఉస్తాద్ వాటిని చూసి, పెండ్లికొడుకు రుమాళ్ళని వెక్కిరించేవాడు. నిజానికి ఆ ఏడు నాకు పెళ్ళి కుదిరింది, కొత్త సంవత్సరం రాగానే పెళ్ళి.

క్రిస్మస్‌కి ముందు ఒక శనివారం. పోటీలు దగ్గరపడి గదినిండా రైఫిళ్ళు. ఉస్తాద్ నాలుగు రైఫిళ్ళకి బిరడాలు పెట్టాడు, వరసగా నాలుగు ఎర్ర రుమాళ్ళు. నా వంతుకొచ్చినది ఒక పెద్దాయనకి తండ్రినుంచి వచ్చిన పాత రైఫిల్, లోపల రాగి పేరుకుపోయి ఉంది. బిరడా బిగించి మందు పోశాను. జేబులో చెయ్యి పెడితే నా రుమాలు లేదు. పొద్దున చెయ్యి తెగితే దానితో కట్టుకట్టి, ఆ తరవాత పారేశాను. మేకుకి ఉన్న ఎర్ర రుమాలు తీసి కట్టాను, తియ్యబోయేది నేనే కదా అనుకున్నాను. బల్లమీద చోటు లేక తలుపు వెనక మూలకు నిలబెట్టాను. ఇంతలో చర్చి క్వాయర్‌లో నాతో పాడే మిత్రుడు స్కూటరు మీద వచ్చి, క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి ఆలస్యమైందని హారన్ మోగించాడు. చాయ్ కూడా తాగలేదు. ఉస్తాద్‌కి వెళ్ళొస్తానని చెప్పి బయటపడ్డాను. ఆయన కడ్డీ లాగుతూ తల ఎత్తకుండానే, "పో పో, జర గట్టిగ పాడు, గీడిదాక ఇనపడాలె" అన్నాడు.

గట్టిగానే పాడాను. మర్నాడు ఆదివారం షాపు సెలవు. ఆ రైఫిల్ నాకు ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి యజమాని తలుపు వెనకనుంచి దాన్ని బయటికి తెస్తున్నాడు. మందు సగం ఆరి గొట్టం మూతి చుట్టూ పచ్చగా చార కట్టింది. ఉస్తాద్ బిరడా తీసి, కడ్డీ దూర్చి లాగాడు. మెత్తగా జారవలసిన గుడ్డ గరగరమంటూ వచ్చింది. లోపల అమ్మవారు పోసిన మొహంలా గుంటలు పడ్డాయి.

"ఎవరి రుమాలయ్యా ఇది?" అని అడిగాడు యజమాని.

ఉస్తాద్ రుమాలు విప్పి రెండు చేతుల్తో పరిచి చూశాడు. ఆ రెండు నిమిషాలు నేను ఎన్నిసార్లు నోరు తెరవబోయానో దేవుడికి తెలుసు. పెళ్ళికి మూడు వారాలుంది, పిల్లనిచ్చేవాళ్ళు ఉద్యోగం చూసి ఒప్పుకున్నారు, సాయంత్రం ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాంలే అని నాకు నేను చెప్పుకుంటూ నిలబడ్డాను.

"నాదే సార్," అన్నాడు ఆయన. "నేనే పెట్టి మరిచినట్టుంది. యాదికొస్తలేదు గాని, రుమాలు నాదే ఉంది గద."

నా మీద పడవలసిన నింద ఆయన తీసుకుని నన్ను కాపాడాడని మీరు అనుకోవచ్చు. నేను కూడా కొన్నాళ్ళు అలాగే అనుకుని మనసుకి సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆయన నన్ను అనుమానించనే లేదు. ఐదో బిరడా కూడా తానే పెట్టానని మనస్ఫూర్తిగా నమ్మాడు. ఎందుకంటే ఆ గదిలో రుమాలు అబద్ధం చెప్పడమనేది ఆయన ఊహకే అందని విషయం.

యజమాని పొమ్మనలేదు. రైఫిల్ తాలూకు పెద్దాయన కూడా వచ్చి చూసుకుని, దాన్ని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయాడు. ఉస్తాదే ఆ వారంలో బిరడా పెట్టిన ప్రతి రైఫిల్ దగ్గరికీ మూడేసిసార్లు వెళ్ళి చూడడం మొదలుపెట్టాడు. చాయ్‌కి వెళ్ళడం మానేశాడు. ఒకసారి బిరడా పెట్టని గొట్టంలోంచి బిరడా తియ్యాలని వెతుకుతూ నిలబడిపోతే, పక్కనున్నవాడు నవ్వాడు. శనివారం సాయంత్రం మేకు మీది రుమాళ్ళు మడిచి సంచిలో పెట్టుకుని, ఇక రానని చెప్పి వెళ్ళిపోయాడు. నా పెళ్ళికి మాత్రం వచ్చాడు. అక్షింతలు లేవు మాకు, తలమీద చెయ్యి పెట్టి దీవించాడు.

తరవాత నాలుగు నెలలకి నాంపల్లి స్టేషను వెనక సందులోని వాళ్ళింటికి, ఈసారి చెప్పే తీరాలని వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చోబెట్టి, కొత్త కోడలు ఎట్లుందని అడిగి, నేను గొంతు సవరించుకునేలోపే, "నా తల్కాయ పనిచేస్తలేదు బిడ్డా, ఇగ బల్ల నువ్వే చూసుకోవాలె" అన్నాడు. చాయ్ తాగి వచ్చేశాను. ఆయన బల్లే నాదయింది. మందు కలిపే పాళ్ళు నా చేతికి వచ్చాయి. షాపు మూతపడేదాకా అందరూ నన్ను కూడా ఉస్తాద్ అనే పిలిచారు. ఆ పిలుపు విన్న ప్రతిసారీ పలికాను. అదీ ఒక అబద్ధమే. ఆరేళ్ళకి ఆయన పోయాడు. మట్టి వేసి వచ్చానుగాని మాట చెప్పలేదు.

సావనీరు చదివిన మూడో రోజున, ఉస్తాద్ చిన్నకూతురి దగ్గరికి వెళ్ళాను. నాంపల్లి కోర్టు బయట టైపు చేసుకుంటుంది. చెట్టుకింద బల్ల, కంప్యూటరు, పక్కన అఫిడవిట్ల కట్ట. నన్ను గుర్తుపట్టి స్టూలు జరిపింది. అంతా చెప్పాను. ఆమె కీబోర్డు మీది దుమ్ము తుడిచింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అన్నా, నీకు తెల్వదు," అంది చివరికి. "బాపు ఆఖర్ల తాళమేసిన్నా లేదా అని మూడు సార్లు తిరిగొచ్చి గుంజి చూస్తుండె. మా పిల్ల పుట్టినప్పుడు ఎత్తుకో బాపు అంటే ఎత్తుకోలే. యాడనన్న పెట్టి మరుస్త బిడ్డా, నాకియ్యకు అన్నడు. దూరం కూసోని చూసేటోడు. ఒక్కనాడు గూడ ఎత్తుకోలే."

క్షమించమని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "గా మాఫీ నేనెట్ల ఇస్తనే? గాయిన ఇయ్యాలె. నువ్వు రాయి. గా బుక్కుల రాసినోళ్ళు చదివేటట్టు రాయి."

అందుకే ఇది ఆ సావనీరు చదివిన మీకే రాస్తున్నాను. ఇప్పుడు మకిలి వదిలించే నురగ డబ్బాల్లో వస్తుంది, ఎంతసేపు ఉంచాలో దానిమీదే అచ్చువేసి ఉంటుంది, గుర్తుంచుకోవలసిన పని ఎవరికీ లేదు. మన కాలంవాళ్ళు చాలామంది లైసెన్సులు వదిలేసి తుపాకులు అప్పజెప్పారు. మా షాపు చోట ఫోన్లకు కవర్లు అమ్ముతున్నారు, ఆ దారిన పోతే ఎవరూ తలెత్తి చూడరు. మీలో ఇంకా ఎవరి ఇంట్లోనైనా ఆ రోజుల్లో మా బల్లమీదికి వచ్చిన రైఫిల్ ఉంటే, ఒకసారి గొట్టాన్ని కిటికీ వైపు తిప్పి లోపలికి చూడండి. అద్దంలా కనిపిస్తే అది ఆయన పని. ఆయన మరిచిపోయినదంటూ ఒక్కటి కూడా లేదు. ఆ మాట వినడానికి ఇప్పుడు మీరున్నారు గాని, వినవలసిన మనిషి, మనవరాలికి దూరంగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఎప్పుడో వెళ్ళిపోయాడు.