కాల్చినవాడి కంటి ఎత్తులో

జగిత్యాలలో మా కాలేజీ పీడీ సార్ పోయారని ఆదివారం పొద్దున ఆయన బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. "నీకే ముందుగాల చెప్పాల్ననిపిచ్చింది అన్నా" అన్నది.

సంతాప సభలో ఒకాయన మా సార్‌ను క్రమశిక్షణకు మారుపేరన్నాడు. బయటికి రాగానే, ఉద్యమాల్లో నాతో తిరిగిన మిత్రుడొకడు, తుపాకి కాల్చడం నేర్పినాయనకు నువ్వు స్మృతి రాస్తావా, ఆయన ఎవరి పక్షమో తెలుసా అని నిలదీశాడు. తెలుసు. అందుకే రాస్తున్నాను. ఆ ఇద్దరికీ తెలియనిది, ఒక ఇనుప స్టాండు కోసం ఆయన పట్టిన పట్టు.

అప్పట్లో మా కాలేజీలో రైఫిల్ శిక్షణ ఉండేది. నక్సలైట్ల భయానికి ఊళ్ళలో దొరల గడీలు ఖాళీ అవుతున్న రోజులు. మా కుటుంబమూ కోరుట్ల దగ్గరి ఊరు వదిలి జగిత్యాల చేరినదే. కాలేజీ రైఫిళ్ళు రెండూ పోలీసు స్టేషన్లో ఉండేవి. ఆదివారం ఒక కానిస్టేబుల్ వాటిని మైదానానికి తెచ్చి, పని కాగానే తీసుకుపోయేవాడు. బోర్లా పడుకొని, దూరాన మట్టికట్టకు ఆనించిన కాగితం మీద కాల్చాలి. తూటా ఎక్కడ తగిలిందో అంత దూరం నుంచి కంటికి ఆనదు. దానికొక దుర్బిన్ ఉండేది. ఆ దుర్బిన్‌ను దేనిమీద నిలబెట్టాలన్నదే పేచీ.

ప్రిన్సిపాల్ కోరుట్ల ఫోటో స్టూడియో నుంచి కెమెరా స్టాండొకటి తెప్పించాడు. పొడుగు కాళ్ళు, మంచి మెరుపు. వెనక కుర్చీ వేసుకొని పెద్దలు చూడవచ్చు. సార్ దాన్ని ఒక్క పూట వాడి పక్కన పెట్టేశారు. గాలి వీస్తే దాని కాళ్ళు వణికేవి, అద్దంలో కాగితమంతా ఊగేది. అదొక లోపం. అసలు లోపం వేరే ఉంది. కాల్చినవాడు తన తూటా చూసుకోవాలంటే లేచి నిలబడాలి. లేస్తే మోచేతులు కదులుతాయి, మళ్ళీ మొదటి నుంచీ కుదుర్చుకోవాలి.

"కాల్చినోడు లేవకుంట చూడాలె సార్. మనం చూసుడు ఎన్కకైనా అయితది" అన్నారాయన ప్రిన్సిపాల్‌తో. ఆ మాట ప్రిన్సిపాల్‌కు రుచించలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళకు ఈ దేశంలో ఎప్పుడు రుచించింది గనక!

సార్ అత్తగారి ఊరు సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలు బాగుచేసే దుకాణంలో కూర్చొని తనకు కావలసింది చేయించి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చారు. బరువైన పొట్టి కాళ్ళు, ఒక నిలువు కడ్డీ, దానిమీద పైకీ కిందికీ జరిగే పట్టు, ఒక్క చేత్తో బిగించే మర. ఎడమ పక్కన పెడితే, పడుకున్నవాడు తల కొంచెం వాల్చగానే అద్దం కంటికి అందేది. ఒళ్ళు కదలదు. పొయ్యి మసి పట్టినట్టు నల్లగా ఉండే ఆ వస్తువును మేం పొయ్యిగడ్డ అని వెక్కిరించేవాళ్ళం. ఆయనా నవ్వేవారు.

మేం కాలుస్తుంటే సార్ పక్కన గొంతుక్కూర్చొని మా భుజాలే చూసేవారు. భుజం అదిరిన తీరుతోనే తూటా ఎటుపోయిందో ఆయనకు తెలిసిపోయేది. అయినా ముందుగా చెప్పేవారు కాదు. మేం అద్దంలో చూసుకొని చెప్పేదాకా ఆగి, తల ఊపేవారు. "నీ తప్పు నీకే ముందుగాల కనవడాలెరా. ఇంకోడు చెప్తె అది తిట్టయితది" అనేవారు.

మాలో అందరికంటే గురి ఉన్నవాడు కోనరావుపేట నుంచి వచ్చిన నా మిత్రుడు. కూలి మీద బతికే దళిత కుటుంబం. వాడి కాగితం మీద తూటాలన్నీ ఒకదానిలో ఒకటి దూరి ఒకే చిరుగులా కనిపించేవి.

ఒక ఆదివారం రైఫిళ్ళ వెంట ఎస్సై కూడా వచ్చాడు. మర్యాదగానే అడిగాడు. "సార్, మీ పోరగాళ్లల్ల గురి మంచిగున్నోళ్ల పేర్లు చెప్పున్రి."

దానర్థం మాకందరికీ తెలుసు. అడవిలోకి పోయినవాళ్ళు దొరకకపోతే ఊళ్ళో ఉన్నవాళ్ళను పట్టుకుపోయే కాలమది. గురి బాగుండటమే అనుమానానికి చాలు. నా పేరు చెప్పినా పరవాలేదు, మా నాయన వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడితే నన్ను వదిలేసేవారు. వాడి నాయనను స్టేషన్ గేటు కూడా దాటనిచ్చేవారు కాదు. క్రమశిక్షణ మీద ఉపన్యాసాలిచ్చేవారు ఈ తేడాకు ఏం పేరు పెడతారో చెప్పాలి. నా మిత్రుడు చాప మీద బోర్లా పడుకొనే ఉన్నాడు. తల ఎత్తలేదు.

"నాకెట్ల ఎర్కయితది సార్? దుర్బిన్ పోరగాళ్ల కండ్లకాడ పెట్టిచ్చిన. ఎవని తూటా వాడే చూసుకుంటడు" అన్నారు మా సార్.

ఎస్సై వంగాడు, అద్దం అందలేదు. గొంతుక్కూర్చున్నాడు, అయినా అందలేదు.

"చూడాల్నంటె పండాలె సార్."

ఎస్సైవి ఇస్త్రీ బట్టలు. చాప నిండా దుమ్ము. పడుకోలేదు. "మరి నువ్వెందుకయ్యా ఇక్కడ?"

"మోచేతులు సక్కగ జేస్త."

కానిస్టేబుల్ నవ్వు కనబడకుండా మొహం అటు తిప్పుకున్నాడు. కాగితాలేవని ఎస్సై అడిగితే, ఎవరివి వాళ్ళే ఇళ్ళకు తీసుకుపోతారని చెప్పారు సార్. అది నిజమే. తెలియదన్నది మాత్రం శుద్ధ అబద్ధం. అంత మంచి అబద్ధం నేను మళ్ళీ వినలేదు.

పేర్లు దొరకలేదు. మరుసటి ఆదివారం స్టేషన్ నుంచి రైఫిళ్ళు రాలేదు, ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. ప్రాణంగా చూసుకున్న పని పోతుందని ఆ జవాబిచ్చేటప్పుడే ఆయనకు తెలుసు. రిటైరయ్యేదాకా వాలీబాల్ నెట్టు కడుతూ, పరుగుపందేలకు సున్నం గీతలు గీస్తూ గడిపారు. ఫలానావాణ్ణి కాపాడానని ఒక్కనాడూ చెప్పుకోలేదు. నా మిత్రుడు ఇవాళ ముస్తాబాద్‌లో పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. మా సార్ ఎవరి పక్షమో ఇంకా వివరించాలా?

రైఫిళ్ళు రాని ఆ మొదటి ఆదివారం మేం ఇళ్ళకు పోబోతుంటే, సార్ చాప పరిచి, దుర్బిన్ నిలిపి, నా మిత్రుణ్ణి పిలిచారు. తుపాకే లేదు, ఏం చూడాలని వాడు గొణిగాడు. మట్టికట్టలో ఆకుపచ్చటి పసిరిక పిట్టలు బొరియలు తవ్వుకుంటున్నాయి, వాటిని చూడమన్నారు. వాడు పడుకొని కన్ను ఆనించాడు. చుట్టూ నిలబడ్డ మాకు ఎర్రమట్టి తప్ప ఏమీ కనబడటం లేదు. వాడే మెల్లగా చెబుతున్నాడు. "అచ్చింది... ముక్కుల ఏదో పురుగున్నది... లోపటికి వోయింది."

పిట్ట మళ్ళీ ఎప్పుడు బయటికి వస్తుందా అని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. వాడి మొహంలోకి చూస్తూ మేమూ, మా సారూ.